పేకెట్ వెనక అచ్చు ఎవరి కోసం?

ఇంకా డోలీ మోతలు ఆగని గూడేలు మనకున్నాయి. నెలలు నిండిన ఆడబిడ్డను కర్రకి కట్టిన దుప్పట్లో పడుకోబెట్టి కొండ దింపే దారులవి. అంబులెన్సు ఎక్కలేని ఆ దారిన ఒక సరుకు మాత్రం ఎప్పుడో పైకెక్కింది. అయిదు రూపాయల చిప్స్ పేకెట్టు, చిన్న కూల్‌డ్రింక్ సీసా, గ్లూకోజ్ బిస్కెట్లు, నూడుల్స్. గూడెంలో ఉన్న ఒకే ఒక్క కొట్టు ముందు దండలు దండలుగా వేలాడుతుంటాయి. పాలు దొరకవు. గుడ్డు దొరికితే దొరికినట్టు. పండు కావాలంటే సంతరోజు దాకా ఆగాలి. పేకెట్టు మాత్రం రోజూ ఉంటుంది, అప్పుకి కూడా ఉంటుంది.

భూమి పోతోంది, పోలవరం ముంపు నెత్తిమీద ఉంది, జీవో 3 పోయింది, ఇప్పుడు చిప్స్ పేకెట్ల మీద సంపాదకీయమా అని కొందరు మిత్రులు అడగొచ్చు. అవును, పేకెట్ల మీదే. పేకెట్ల మీదా, రేషన్ బియ్యం మీదా, సంతలో బజ్జీలు వేసే నూనె మీదా. మన పిల్లల కంచంలోకి ఏం రావాలో తేల్చేవాళ్ళలో మనం లేకపోవడం కూడా హక్కుల సంగతే అని మేం అనుకుంటున్నాం.

ముందు కొన్ని లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అయిదేళ్ళలోపు పిల్లల్లో ఆంధ్రలో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ఇవి మైదానం, ఏజెన్సీ, పట్నం అన్నీ కలిపిన లెక్కలు. ఇంకోపక్క, గిరిజన ఆరోగ్యం మీద కేంద్రం వేసిన డాక్టర్ అభయ్ బంగ్ కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక చూడండి. గిరిజనుల్లో పెద్దవాళ్ళలో ప్రతి నలుగురిలో ఒకరికి బీపీ ఉందని అందులో ఉంది. బీపీ, షుగరు పట్నంవాళ్ళ జబ్బులు, కష్టపడి కొండలెక్కేవాళ్ళకి రావు అని మనలో చాలామందికి ఇప్పటికీ ఒక ధీమా. ఆ ధీమాకి కాలం చెల్లింది.

ఒకే ఇంట్లో కోడలికి రక్తం తక్కువ, అత్తకి బీపీ ఎక్కువ. రక్తం తగ్గడానికి మలేరియా ఉంది, నులిపురుగులు ఉన్నాయి, కొన్ని కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది. అన్నీ తిండి మీదికి తొయ్యడం లేదు. కానీ కడుపు నిండుతోంది, ఒంటికి కావలసింది అందడం లేదు, వద్దన్నది మాత్రం రోజూ అందుతోంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో దేశంలో మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని చెప్పింది. సగానికి పైనే అన్నమాట.

వద్దన్నవి ఏవి? ఉప్పు, పంచదార, చెడు కొవ్వు. మూడింటినీ విడివిడిగా చూడాలి, ఎందుకంటే మూడూ మన ఇళ్ళలోకి వేర్వేరు దారుల్లో వచ్చాయి.

ఉప్పు సంగతి మనకి చాలా పాతది. మన తాతలు చింతపండు, కరక్కాయలు, అడ్డాకులు మోసుకుని సంతకి నడిచేది ఉప్పు కోసమే. సోలెడు ఉప్పుకి గంపెడు అటవీ ఫలసాయం లాక్కున్న షావుకార్ల కథలు ప్రతి గూడెంలోనూ ఉన్నాయి. ఆ మోసాన్ని ఆపాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. ఉప్పు కరువు అనుభవించిన జాతికి ఈరోజు ఉప్పు ఎక్కువై బీపీ వస్తోందంటే నవ్వాలో ఏడవాలో తెలీదు. పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాములు చాలు, అంటే ఒక టీస్పూను. పిల్లలకి అంతకన్నా తక్కువ. కూరలో వేసింది ఒక్కటే లెక్క కాదు. చారులో ఉప్పు, ఊరగాయలో ఉప్పు, ఎండుచేపలో ఉప్పు, చిప్స్‌లో ఉప్పు, నూడుల్స్‌తో వచ్చే చిన్న మసాలా పొట్లం నిండా ఉప్పు. కూర లేని రోజున అన్నంలోకి ఊరగాయ ఒక్కటే ఆధారమయ్యే ఇళ్ళలో ఆ టీస్పూను మధ్యాహ్నానికే దాటిపోతుంది.

పేకెట్ మీద ఉప్పు అని రాయరు, సోడియం అని రాస్తారు, మిల్లీగ్రాముల్లో. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. సోడియం 800 అని ఉంటే ఉప్పు 2 గ్రాములన్నమాట. అయితే ఆ అంకె సాధారణంగా 100 గ్రాములకి ఇస్తారు కాబట్టి పేకెట్టు బరువెంతో కూడా చూడాలి. ఈ లెక్క మన చదువుకున్న పిల్లలు గూడెంలో నలుగురికీ నేర్పాలి.

మధ్యలో ఒక మాట చెప్పాలి. కొండ ప్రాంతాల్లో గొంతువాపు ఎక్కువగా ఉన్న రోజులు పెద్దలకి గుర్తుంటాయి. అయోడిన్ లేక వచ్చే జబ్బు అది. అయోడిన్ ఉప్పు విషం, మానెయ్యండి అని వాట్సాప్‌లో తిరిగే మెసేజీలు నమ్మొద్దు. ఉప్పు అయోడిన్‌దే వాడాలి. తక్కువ వాడాలి, అంతే.

పంచదార దారి వేరు. ఒక తరం వెనక మన ఇళ్ళలో తీపి అంటే తేనె, ఇప్పపువ్వు, తునికి పండు, సీతాఫలం. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే దొరికేవి. ఇప్పుడు ఏడాది పొడవునా రోజుకి మూడుపూటలా తీపే. లెక్క వేసి చూద్దాం. మామూలు కోలాల్లో 100 మిల్లీలీటర్లకి పది గ్రాములకు పైనే పంచదార ఉంటుంది, అంటే 200 మిల్లీలీటర్ల చిన్న సీసాలో 20 గ్రాములు దాటుతుంది. గ్లూకోజ్ బిస్కెట్లలో బరువులో దాదాపు నాలుగో వంతు పంచదారే. పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి రెండేసి చెంచాల పంచదారతో టీ తాగితే ఇంకో 16 గ్రాములు. ఒక పదో తరగతి పిల్లాడు రోజంతా కలిపి ఒక వంద గ్రాముల బిస్కెట్ పేకెట్టు, రెండు టీలు, ఒక చిన్న కూల్‌డ్రింక్ తాగాడనుకోండి, 60 గ్రాములు దాటింది. మన ఆహార నియంత్రణ సంస్థ లేబుళ్ళ కోసం పెట్టుకున్న రోజువారీ లెక్క 50 గ్రాములు, అది కూడా 2000 కేలరీలు తినే పెద్ద మనిషికి. అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

ఆ బిస్కెట్ పేకెట్టుకి మన దగ్గర ఉన్న గౌరవం చూస్తే ఇంకా బాధ. జ్వరం వస్తే బిస్కెట్లు, ఆసుపత్రికి పలకరించడానికి వెళ్తే బిస్కెట్లు, పాలు మాన్పించిన పసిబిడ్డకి టీలో ముంచిన బిస్కెట్లు. గ్లూకోజ్ అనే పేరు చూసి బలమనుకుంటున్నాం. బలమైన పేరు పెట్టుకున్న మైదా, పంచదార, నూనె అది.

ఇక కొవ్వు. దీంట్లో రెండు రకాలతో ఇబ్బంది. ఒకటి శాచురేటెడ్ కొవ్వు. పామాయిల్‌లో దాదాపు సగం అదే. చిప్స్, కుర్‌కుర్ లాంటి చిరుతిళ్ళలో 100 గ్రాములకి 30 గ్రాములకు పైగా కొవ్వు ఉండడం మామూలు, అవి వేగేది ఎక్కువగా పామాయిల్‌లోనే. ఎందుకంటే చవక, తొందరగా పాడవదు. ఈ పామాయిల్ ఎక్కడిదని చూస్తే, మన దేశం వాడేదాంట్లో చాలా భాగం దిగుమతి. దేశంలో పండేదాంట్లో మాత్రం దాదాపు మొత్తం ఆంధ్ర, తెలంగాణల్లోనే పండుతుంది. అశ్వారావుపేట, దమ్మపేట వైపు పోతే కనుచూపు మేరా ఆ తోటలే. 2021లో కేంద్రం ఆయిల్‌పామ్ మిషన్ తెచ్చాక ఇంకా పెంచమంటున్నారు. రైతుకి నెలనెలా డబ్బులొస్తున్నాయి, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ జొన్న, కంది, సామ పండే నేలల్లోకి తోటలొచ్చి, ఆ తోట నూనె మళ్ళీ మన పిల్లల చేతికే పేకెట్లో వస్తుంటే ఆ వ్యాపారంలో రెండు చివర్లా మనమే ఉన్నామని గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పనూనె వాడుకున్నన్నాళ్ళూ ఏ రోగమూ లేదని కొందరు పెద్దలు అంటారు. చలికాలంలో ఇప్పనూనె గడ్డకట్టడం మనం చూసిందే. అందులోనూ శాచురేటెడ్ కొవ్వు బాగానే ఉంటుంది. తేడా ఎక్కడంటే, ఇప్పగింజలు ఏరి, ఎండబెట్టి, దంచి, గానుగాడిస్తే వచ్చేది ఇంటికి కొన్ని సీసాలు. చుక్క చుక్కగా వాడుకునేవాళ్ళం. మనదైనదల్లా మంచిదని చెప్పుకుంటే రేపు ఏ డాక్టరో ఒక్క ప్రశ్నతో మన నోరు మూయిస్తాడు.

రెండోది ట్రాన్స్ కొవ్వు. నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచి డాల్డా చేసినప్పుడు పుట్టేది. గుండె జబ్బుకి ఇంతకన్నా చేటు చేసే కొవ్వు లేదు. దీని మీద మన దేశంలో చట్టం కొంత పనిచేసింది, ఒప్పుకోవాలి. నూనెల్లో ట్రాన్స్ కొవ్వు 10 శాతం దాకా ఉండొచ్చన్న పరిమితిని మెల్లమెల్లగా తగ్గిస్తూ 2022 జనవరి నుంచి 2 శాతానికి తెచ్చారు. కంపెనీలు కుదరదన్నాయా, వ్యాపారం మూతపడిందా? ఏదీ లేదు. నియమం గట్టిగా పెడితే తయారీ మారుతుందని ఇది రుజువు. కాని సంతలో మూకుడు సంగతి అట్లాగే ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే నూనె, మిగిలింది మళ్ళీ వచ్చే వారానికి. మరిగి మరిగి నల్లబడ్డ నూనెకి కూడా చట్టంలో హద్దు ఉంది. చెడిపోయిన పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 నుంచి నియమం. మన సంతల్లో మూకుడు దగ్గరికొచ్చి నూనె పరీక్ష చేసిన అధికారిని చూసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, వాళ్ళ ఫొటో ఈ పేజీలో వేద్దాం.

ఇంతదాకా కొనుక్కునే వాటి గురించి చెప్పాం. ఊరికే వచ్చేదాని గురించి కూడా చెప్పాలి. అది బియ్యం.

తార్నాక సంస్థ పుట్టుక కథ మనలో ఎంతమందికి తెలుసు? 1918లో తమిళనాడు కొండల్లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన కేంద్రంగా అది మొదలైంది. 1958లో హైదరాబాద్‌కి మారింది. బెరిబెరి దేనివల్ల వచ్చేది? మరలో ఆడించి తవుడంతా తీసేసిన తెల్లబియ్యమే ప్రధానంగా తిన్నచోట, బి1 విటమిన్ అందక. అప్పట్లో ఆ జబ్బు ఎక్కువగా కనబడ్డ ప్రాంతాల్లో మన కోస్తా జిల్లాలు కూడా ఉన్నాయి. అంటే మన దేశంలో పోషకాహార శాస్త్రం అనేదే తెల్లబియ్యం తెచ్చిన జబ్బుతో మొదలైంది. నూరేళ్ళు దాటాక, ఆ సంస్థ ఉన్న రాష్ట్రంలోనే ఎన్నికల హామీ ఇంకా సన్నగా ఉండే సన్నబియ్యం. 2025 ఉగాదికి తెలంగాణ సర్కారు రేషన్లో సన్నబియ్యం మొదలుపెట్టింది. జనం సంతోషించారు, సంతోషించడంలో తప్పు లేదు. పేదవాడు దొడ్డుబియ్యమే తినాలని ఎక్కడా రాసిలేదు. ఇన్నేళ్ళూ పురుగుల బియ్యం తిన్నవాళ్ళకి మంచి బియ్యం అడిగే హక్కుంది.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం రాకముందు వానాకాలంలో అంబలి కూడా లేని ఇళ్ళు ఎన్నో మన పెద్దలు చెప్తారు. అడవిదుంపలు తవ్వుకుని ఆ నెలలు గడిపారు. ఆ బియ్యం ప్రాణాలు నిలబెట్టింది. పాత తిండికి తిరిగిపోదాం అని పట్నంలో కూర్చుని రాసేవాళ్ళకి ఆ ఆకలి తెలీదు. మా వాదన బియ్యం వద్దని కాదు. బియ్యం ఒక్కటే ఎందుకని.

2013 ఆహార భద్రతా చట్టం తీసి చూడండి. బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమలు 2 రూపాయలు, చిరుధాన్యాలు 1 రూపాయి అని మూడూ రాసి ఉన్నాయి. 2023 నుంచి అవి ఉచితం చేశారు. చట్టంలో మూడో ధాన్యం ఉంది, చాలా డిపోల్లో లేదు. చోళ్ళలో 100 గ్రాములకి సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో పది లోపు. పీచు కూడా బియ్యానికి మూడు నాలుగు రెట్లు. ఇది మా మాట కాదు, తార్నాకవాళ్ళు ప్రచురించిన ఆహార విలువల పట్టికల్లోని మాట. పాడేరు వైపు సామలు, చోళ్ళు ఇప్పటికీ పండుతున్నాయి. ఉట్నూరు వైపు గట్క తినే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, కాని జొన్న చేలు చాలావరకు పత్తి చేలయ్యాయి. 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ప్రపంచమంతా జరుపుకున్నాక మన సామలు నగరంలో అద్దాల కొట్లలోకి ఎక్కాయి. మన దగ్గర కొనే ధర ఎంత, అక్కడ అమ్మే ధర ఎంత అనేది ఇంకో సంపాదకీయం. సంతలో మద్దతు ధరకి చోళ్ళు కొని, అదే మండలం డిపోలో, అదే మండలం హాస్టల్లో ఇస్తే లారీ కిరాయి కూడా మిగులుతుంది. ఆంధ్రలో 2023 మార్చిలో బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలుపెట్టినప్పుడు పిల్లలు తాగారు కదా.

ఇప్పుడు అసలు వాదనకి వద్దాం. ఈ విషయం ఎత్తితే కంపెనీలూ అధికారులూ ఒకే మాట అంటారు. అన్నీ లేబుల్ మీద రాశాం, చూసి కొనుక్కోవడం మీ ఇష్టం అని.

ఏ భాషలో రాశారు? మన దేశపు లేబుల్ నియమాల ప్రకారం వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉంటే చాలు. స్థానిక భాష కంపెనీ ఇష్టం. తెలుగే తప్పనిసరి కాదంటే ఇక కోయ, గోండి, కువి, సవర మాటెత్తేదెవరు? అక్షరాలు చీమ తలకాయంత. 100 గ్రాములకి ఇంత, ఒక వడ్డనకి ఇంత శాతం అని పట్టిక. గూడెం కొట్టులో అయిదు రూపాయలు పట్టుకుని నిలబడ్డ ఆరేళ్ళ పిల్ల ఆ పట్టిక చదివి, రెండున్నరతో హెచ్చవేసి, తన ఇష్టం తేల్చుకోవాలన్నమాట!

అదే పేకెట్ మీద ఒక గుర్తు మాత్రం అందరికీ అర్థమవుతుంది. పచ్చ చుక్క. బడి మొహం చూడని అవ్వ కూడా ఆ చుక్క చూసి ఇందులో మాంసం లేదని చెప్తుంది. మాంసం ఉందో లేదో చుక్కతో చెప్పగలిగిన ప్రభుత్వానికి ఉప్పు ఎక్కువుందో లేదో చెప్పడం ఎందుకు చేతకావడం లేదు? చిలీ దేశం 2016లో చేసి చూపించింది. ఉప్పు, పంచదార, శాచురేటెడ్ కొవ్వు, కేలరీలు హద్దు దాటితే పేకెట్ ముందువైపున నల్లటి ఎనిమిది మూలల ముద్ర. పిల్లల్ని లాగే బొమ్మలు ఆ పేకెట్ల మీద వెయ్యకూడదు, బడుల్లో అమ్మకూడదు. ఏడాదిన్నరలో తీపి పానీయాల కొనుగోళ్ళు దాదాపు నాలుగో వంతు తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు. మెక్సికో కూడా 2020లో అదే బాట పట్టింది.

మన దగ్గర 2022 సెప్టెంబరులో ఒక ముసాయిదా వచ్చింది. హెచ్చరిక కాదు, నక్షత్రాలు! అర నక్షత్రం నుంచి అయిదు దాకా. పైగా పంచదార, ఉప్పుకి మార్కులు తీసేసి, కాస్త పీచో పప్పో పండో కలిపితే మార్కులు కలిపే పద్ధతి. నక్షత్రం అంటే మన పిల్లలకి ఏమిటి? బాగా రాసిన పలక మీద టీచరు పెట్టేది. ఒక నక్షత్రం ఉన్న చిప్స్ పేకెట్టు కూడా వాళ్ళకి మెప్పు పొందినట్టే కనిపిస్తుంది. డాక్టర్లు, వినియోగదారుల సంఘాలు వద్దని గట్టిగా చెప్పాయి. వ్యవహారం సుప్రీంకోర్టుకి పోయింది. 2025 ఏప్రిల్‌లో కోర్టు మూడు నెలల్లో తేల్చమంది, జులైలో ఇంకో మూడు నెలలు ఇచ్చింది. ఈ లేబుల్ కథలో గడువులు పెరగడమే మనం చూసింది. మా మాట స్పష్టంగా చెప్తున్నాం, నక్షత్రాలు వద్దు. నల్ల ముద్ర కావాలి, పేకెట్ ముందువైపు కావాలి, చదువు రానివాళ్ళకి తెలిసే బొమ్మతో కావాలి.

అది ఢిల్లీలో తేలాల్సింది. ఇక్కడ తేల్చుకోగలిగినవి కూడా ఉన్నాయి.

2020లో బడిపిల్లల ఆహారం మీద కేంద్ర ఆహార నియంత్రణ సంస్థ ఒక నిబంధన తెచ్చింది. కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువుండే తిళ్ళు బడి లోపల గాని, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు గాని అమ్మకూడదు. మన ఆశ్రమ పాఠశాలల గేటు దగ్గర నిలబడి యాభై అడుగులు నడవండి. మీటర్లు కాదు, అడుగులే. ఎన్ని దండలు కనబడతాయో లెక్కపెట్టండి. హాస్టల్లో సాయంత్రం పెట్టే చిరుతిండి పలచబడ్డ రోజున ఆ గేటు బయట గిరాకీ పెరుగుతుంది. ఫుడ్ పాయిజన్ అయి పిల్లలు వాంతులు చేసుకున్న రోజున టీవీలవాళ్ళు వస్తారు, కలెక్టరు వస్తారు, వార్డెన్ సస్పెండ్ అవుతాడు. పదేళ్ళపాటు నెమ్మదిగా ఎక్కే ఉప్పుకీ పంచదారకీ ఏ కెమెరా రాదు. 2024 చివర్లో తెలంగాణలో డైట్ ఛార్జీలు 40 శాతం పెంచారు. మంచిదే. పెరిగిన డబ్బు గుడ్డుగా, పప్పుగా, ఆకుకూరగా, పల్లీలుగా మారిందా, మరో పామాయిల్ డబ్బాగా మారిందా అని తల్లిదండ్రుల కమిటీలు స్టాకు రిజిస్టరు అడిగి చూడాలి.

ఇంకొకటి పెసా. 1996 నాటి ఆ చట్టంలో నాలుగో సెక్షన్ అనగానే మనకి భూమి, సారా, వడ్డీ వ్యాపారం, అటవీ ఫలసాయం గుర్తొస్తాయి. అదే వరసలో గ్రామ సంతల నిర్వహణ అధికారం కూడా ఉంది. పంచాయతీకీ గ్రామసభకీ ఇవ్వాల్సిన అధికారాల్లో అదొకటని చట్టం పేరుపెట్టి చెప్పింది. మన రాష్ట్రంలో 2011లో నియమాలు కూడా వచ్చాయి, అప్పటికింకా ఒకటే రాష్ట్రం. సారా మీద తీర్మానాలు చేశాం, ఇసుక మీద చేశాం. సంతలో ఏ నూనెతో ఏం వేపుతున్నారు, ఏ సరుకు ఎక్కడ పెట్టి అమ్ముతున్నారు అనే మాట ఎన్ని గ్రామసభల్లో వచ్చింది?

కొట్టు నడిపే అక్క మన శత్రువు కాదు. ఆమె కూడా మన గూడెం మనిషే. ఏజెంటు బండి మీద తెచ్చి అప్పుకి ఇస్తున్నాడు కాబట్టి పేకెట్లు పెడుతోంది. పల్లీ ఉండలు, వేపుడు శనగలు, కోడిగుడ్లు, ఇప్పపువ్వు లడ్డూలు అట్లాగే అప్పుకి తెచ్చి ఇచ్చేవాళ్ళుంటే అవీ పెడుతుంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతోంది, చెయ్యలేరని ఎవరూ అనలేరు. జీసీసీ డిపోలు ఉప్పు, సబ్బు, బిస్కెట్లతో పాటు వీటినీ మోయొచ్చు. ఆమె మీద దాడికి పోవద్దు, ముందు ఆమెతో కూర్చుని మాట్లాడండి.

వచ్చే గ్రామసభకి తీర్మానం ఇట్లా రాసుకోవచ్చు. మా సంతలో నల్లబడ్డ నూనె మళ్ళీ వాడకూడదు, నెలకోసారి ఫుడ్ సేఫ్టీ అధికారి వచ్చి మా ముందే పరీక్ష చెయ్యాలి. బడి గేటు నుంచి 50 మీటర్లు కొలిచి రాయి పాతుతాం, ఆ రాయి లోపల పేకెట్లు, కూల్‌డ్రింకులు అమ్మకూడదు. మా డిపోలో కార్డుదారు కోరితే బియ్యంలో కొంత బదులు చోళ్ళు, జొన్నలు ఇవ్వాలి, అవి మా మండలం రైతుల దగ్గరే కొనాలి. హాస్టల్ మెనూ తెలుగులోనూ మా భాషలోనూ గోడ మీద రాయాలి, నెలకి ఎన్ని కిలోల ఉప్పు, పంచదార, ఎన్ని లీటర్ల నూనె వాడారో దాని కిందే రాయాలి. అంగన్‌వాడీ టీచరు, ఆశ అక్క, ఏఎన్ఎంలను సభకి పిలిచి బీపీ చూపించుకున్నాకే ఈ చర్చ మొదలుపెడితే ఇంకా బాగా వింటారు. తీర్మానం మూడు కాపీలు తియ్యండి. ఒకటి ఐటీడీఏ పీవోకి, ఒకటి జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి, మూడోది మీ దగ్గర. మొదటి రెండింటికీ తేదీ వేసిన రసీదు తీసుకోండి, ఫొటో తీసి మాకు పంపండి.